రేడియో ముల్లు ఎక్కడ ఆగుతుంది?

రేడియో అంటే ఇప్పుడెవరు వింటున్నారండీ అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అలా అనేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి కుర్చీలో కూర్చుని టీవీ చూసే తీరిక ఉంటుంది, చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. మనకి అలా కుదరదు కదా! రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నప్పుడు, కళ్ళు పొయ్యి మీది పాల మీద ఉన్నప్పుడు, ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. పని ఆపకుండా లోకం సంగతి తెలుసుకోవడానికి రేడియోని మించింది ఇప్పటికీ రాలేదు.

అయితే మన పాలమూరు వైపు, ముఖ్యంగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఇళ్ళల్లో ముల్లు తిప్పితే ఏం వినిపిస్తుందో ఎప్పుడైనా గమనించారా? ఒక ఊళ్ళో మహబూబ్‌నగర్ వినిపిస్తుంది. నాలుగు ఊళ్ళు దాటితే అదే అంకె మీద గరగర. ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే కర్నూలు. పడమటికి వెళ్తే రాయచూరు కన్నడం. మిద్దె మీదికి ఎక్కితే ఒకటి, దిగితే ఇంకొకటి. "మా రేడియో పాడైంది, కొత్తది కొనాలి" అనుకునే ఇల్లాళ్ళు ఎందరో! చాలాసార్లు పాడైంది రేడియో కాదు. మన ఊళ్ళు ఏ కేంద్రానికీ పూర్తిగా దగ్గర కాకుండా అంచుల్లో పడిపోయాయి, అదీ అసలు సంగతి.

అంచున ఉన్న ఊరికి పాటలు సరిగా వినిపించకపోవడం ఒక్కటే నష్టం కాదు. స్థానిక రేడియో నిలబడాలంటే ప్రోగ్రాములు బాగుండాలి, గొంతులు బాగుండాలి అంటారు. నిజమే. కానీ వాటన్నిటికంటే ముందు అది ఇంటికి చేరాలి. చేరని కేంద్రం ఎంత బాగున్నా ఆ ఇంటికి లేనట్టే.

గీత గీసి చూద్దాం

పిల్లల అట్లాసు, ఒక స్కేలు చాలు. బస్సు దారి లెక్క వద్దు, రేడియో తరంగం బస్సులో రాదు కదా! గాలిలో నేరుగా గీత గీస్తే మహబూబ్‌నగర్ నుంచి వనపర్తికి సుమారు 43 కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్‌కి సుమారు 46, గద్వాలకి సుమారు 60. అదే గద్వాల నుంచి కర్నూలుకి 50 పైన, రాయచూరుకి 50 లోపే. అంటే గద్వాలకి సొంత ఉమ్మడి జిల్లా కేంద్రం కంటే పక్క రాష్ట్రాల పట్నాలు రెండూ దగ్గర! ఇక అలంపురం సంగతి చెప్పనే అక్కర్లేదు. కర్నూలు నుంచి పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు, మహబూబ్‌నగర్ నుంచి దాదాపు 97.

ఇప్పుడు తరంగం ఎలా నడుస్తుందో చూద్దాం. భయపడకండి, ఇంటర్‌లో ఫిజిక్స్ వినగానే నిద్ర వచ్చిన వాళ్ళకి కూడా అర్థమయ్యే విషయమే. పాతకాలం మీడియం వేవ్ తరంగాలు నేలని పట్టుకుని పాకుతూ పోతాయి, రాత్రయితే ఆకాశంలో తగిలి ఎక్కడో దూరాన దిగుతాయి కూడా. అందుకే హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్లతో పలికిన రోజుల్లో అచ్చంపేటలోనూ, అలంపురంలోనూ ఒకే గొంతు వినిపించేది. గరగర ఉండేది, మబ్బు పడితే టపటపలు ఉండేవి, కానీ మాట చేరేది.

ఎఫ్.ఎం. అలా కాదు. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే ఈ తరంగం ఇంచుమించు వెలుతురు లాంటిది. మిద్దె మీద దీపం పెడితే ఎంతవరకు కనిపిస్తుందో అంతవరకే. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది, తరంగం మాత్రం నేరుగా మన తల మీదుగా ఆకాశంలోకి పోతుంది. గుట్ట అడ్డం వస్తే గుట్ట వెనక నీడే.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. స్తంభం ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్ల దాకా నేలని చూడగలదో వస్తుంది. స్తంభం 100 మీటర్లు అనుకుందాం. 100కి వర్గమూలం 10. అంటే 41 కిలోమీటర్లు. మన రేడియో నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉంటే ఇంకో ఆరు కలుస్తాయి. మొత్తం 47. ఇప్పుడు పైన చెప్పిన దూరాలు పక్కన పెట్టి చూడండి. వనపర్తి 43, గడప లోపలే. నాగర్‌కర్నూల్ 46, సరిగ్గా గడప మీద. గద్వాల 60, గడప బయట!

ఇది ఉత్త లెక్కే సుమండీ. తరంగం కత్తితో కోసినట్టు 47 దగ్గర ఆగిపోదు. మహబూబ్‌నగర్ మెరక మీద ఉంది, గద్వాల వైపు కృష్ణ లోయలోకి నేల దిగుతూ పోతుంది, అది కొంత సాయం. మధ్యలో గుట్టలు ఉంటే నష్టం. నల్లమల వైపు మన్ననూరు, అమ్రాబాద్ ఊళ్ళకి దూరమూ ఎక్కువే, కొండల నీడా ఎక్కువే. ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచితే సరిపోదా అంటారేమో. శక్తి రెండింతలు చేస్తే దూరం రెండింతలు కాదు. అడ్డం ఏమీ లేని చోట కూడా దూరం రెండింతలు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి, నేల వంపు దాటాక అదీ చాలదు. స్తంభం ఎత్తే ముఖ్యం. కాఫీ పల్చగా ఉందని నీళ్ళు ఇంకా మరిగిస్తే చిక్కబడుతుందా? డికాక్షన్ ఉండాలి.

వినిపించకపోతే ఏమవుతుంది?

మన దేశంలో ఎఫ్.ఎం. మొదట 1977లో మద్రాసులో వచ్చింది. స్థానిక రేడియో అనే ఆలోచన 1984లో నాగర్‌కోయిల్‌లో మొదలైంది. జిల్లా వాళ్ళ యాసలో జిల్లా వాళ్ళ సంగతులు చెప్పుకోవాలని దాని ఉద్దేశం. తర్వాత మన తెలుగు జిల్లాల్లో కూడా ఆదిలాబాద్, వరంగల్, నిజామాబాద్, కొత్తగూడెం, అనంతపురం, కర్నూలు, తిరుపతి, మార్కాపురం, మహబూబ్‌నగర్‌లకి ఆ కేంద్రాలు వచ్చాయి.

ఉద్దేశం మంచిదే. మరి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఎంత పెద్దది! ఉత్తరాన షాద్‌నగర్, దక్షిణాన అలంపురం, తూర్పున అమ్రాబాద్ అడవి, పడమర మక్తల్. పటంలో ఒకే జిల్లా కావచ్చు, తరంగానికి ఆ సంగతి తెలియదు. స్థానికం అన్న మాటకి కలెక్టరు ఆఫీసు ఒక గీత గీస్తే, స్తంభం ఇంకో గీత గీసింది. రెండో గీతే గెలిచింది.

ఆ గీత బయట పడ్డ ఊరికి ఏమవుతుందో వరసగా చెబుతాను. మొదట అక్కడి వాళ్ళు జాబులు రాయరు. వినిపిస్తేనే కదా రాసేది! జాబులు రాకపోతే కేంద్రంలో వాళ్ళకి ఆ ఊరి పేరే గుర్తుండదు. రికార్డింగుకి వ్యాను ఎటు పోతుంది? జాబులు ఎక్కువ వచ్చే వైపే పోతుంది. అప్పుడు ఆ ఊరి బతుకమ్మ పాట రికార్డు కాదు, అక్కడి మగ్గం మాట రికార్డు కాదు. పెబ్బేరు సంతలో ధరలెలా ఉన్నాయో చెప్పే గొంతు ఉండదు. తమ ఊరి మాట లేని రేడియోని, అప్పుడప్పుడు వినిపించినా, జనం ఎందుకు పెడతారు? ఇంకొంత మంది తగ్గుతారు.

ప్రకటనల సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. గద్వాలలో పట్టుచీరల కొట్టు ఆయన ఉన్నాడనుకోండి. నూలు ఒంటికి పట్టు అంచూ కొంగూ జత చేసిన గద్వాల చీర ప్రత్యేకత గురించి దసరా ముందు పది సెకన్లు చెప్పించాలని ఉంటుంది. కానీ ఆయన కొట్లోనే ఆ స్టేషను పలకకపోతే డబ్బు కడతాడా? మన ఆడవాళ్ళం కూరగాయలు కొనేటప్పుడే వంకాయ ఒత్తి చూస్తాం, ఆయన వ్యాపారస్తుడు! ప్రకటనలు లేకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే మనుషులు లేరు, మనుషులు లేకపోతే సొంత కార్యక్రమాలు తగ్గించి పెద్ద పట్నం నుంచి వచ్చేదాన్ని అలాగే వదలడం మొదలవుతుంది. ఆ తర్వాత అంచున ఉన్నవాళ్ళే కాదు, స్తంభం కింద ఉన్నవాళ్ళు కూడా "ఇందులో మనదేముంది" అంటారు.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతి. 2009 అక్టోబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. కృష్ణా తుంగభద్రలు రెండూ ఒక్కసారి పొంగి కర్నూలు పట్నం మునిగింది. ఇవతలి ఒడ్డున అలంపురం, రాజోలి ఊళ్ళు మునిగాయి. రాజోలిలో మగ్గాల గుంటల్లోకి నీళ్ళు వచ్చి నేతన్నల బతుకులు నీటి పాలయ్యాయి. అలాంటప్పుడు మొదట పోయేది కరెంటు. దానితో టీవీ పోతుంది. సెల్ టవర్ బ్యాటరీ అయ్యేదాకా ఫోను ఉంటుంది, తర్వాత అదీ పోతుంది. రెండు సెల్లులు వేసిన రేడియో మాత్రం పలుకుతుంది. ఎవరి మాట పలుకుతుంది అన్నదే ప్రశ్న. అలంపురానికి బాగా అందేంత దగ్గరలో ఉన్నది కర్నూలు కేంద్రం. 2014 జూన్ 2 నుంచి అది పక్క రాష్ట్రం. ఆ స్టేషను చెప్పే కలెక్టరు వేరు, మండలాలు వేరు, సహాయ శిబిరాలు వేరు. అలంపురం ఆడబిడ్డ పిల్లల్ని ఎత్తుకుని ఏ వైపు నడవాలో చెప్పాల్సిన గొంతు దాదాపు 97 కిలోమీటర్ల దూరంలో, గడప బయట ఉంది. నది దాటిన గాలికి సరిహద్దు లేదు కానీ, ఆఫీసులకి ఉంది!

"ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే వినొచ్చు కదా" అని మా ఇంట్లోనే అంటారు. నిజమే, ఆకాశవాణి కేంద్రాలు ఫోన్‌లో యాప్ ద్వారా వినిపిస్తాయి, దుబాయిలో ఉన్నవాళ్ళు కూడా వింటారు. కానీ ఇంట్లో ఉన్న ఫోను ఎవరి జేబులో ఉంటుంది? పొద్దున ఎనిమిదికి ఆయనతో పాటు బయటికి పోతుంది, సాయంత్రం వచ్చాక పిల్లాడి చేతిలోకి పోతుంది. నల్లమల లోపలి పెంటల్లో అసలు నెట్ అందడమే కష్టం. రేడియోకి నెల నెలా రీచార్జి లేదు, అది ఎవరి జేబులోనూ పోదు, అటక మీద నుంచి అందరికీ ఒకేసారి వినిపిస్తుంది.

మాచనూరు అక్కలు

ఈ చిక్కుకి మన తెలంగాణలోనే ఆడవాళ్ళు ఒక దారి చూపించారు. అదీ చదువుకున్న ఆడవాళ్ళు కాదు, పొలంలో పనిచేసుకునే దళిత స్త్రీలు.

జహీరాబాద్ దగ్గర మాచనూరు అని ఒక ఊరు. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చాలా ఏళ్ళుగా చిరుధాన్యాలు, పాత విత్తనాలు కాపాడే పని చేస్తున్నాయి. 1990ల చివర యునెస్కో సాయంతో వాళ్ళు రేడియో స్టూడియో పెట్టుకున్నారు. గది ఉంది, మైకు ఉంది, రికార్డు చేయడం వచ్చు. లైసెన్సు మాత్రం లేదు! గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది, కానీ ఊరి సంఘాలకి లైసెన్సు ఇచ్చే విధానం 2006 చివర గానీ రాలేదు. అన్నేళ్ళూ ఏం చేశారంటారా? కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. గాలి దొరకకపోతే సంచీలో పెట్టుకుని నడిచి తీసుకెళ్ళారన్నమాట!

చివరికి 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థ చేతిలో నడిచే సామాజిక రేడియోల్లో దేశంలో అదే మొదటిది. ఆ 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి ప్రారంభించారు. నడిపించిన వాళ్ళిద్దరి పేరూ నర్సమ్మే. ఒకామెని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకామెని అల్గోల్ నర్సమ్మ అంటారు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రసారం పెట్టుకున్నారు. ఆ వేళ ఎందుకో మనకి వేరే చెప్పాలా? పొలం నుంచి వచ్చి, పొయ్యి ముట్టించి, అందరూ ఇంట్లో ఉండే వేళ అది. పట్నంలో ప్రోగ్రాము వేసే ఆఫీసర్లకి ఎవరైనా వచ్చి చెబితే తప్ప తోచని సంగతి ఇది. ఏ విత్తనం ఎవరి దగ్గర ఉంది, జొన్నతో, కొర్రతో ఏం వండుకోవచ్చు, బిడ్డకి జ్వరం వస్తే ఏం చేయాలి, పాత పాటలు... వాళ్ళ యాసలోనే.

ఆ రేడియో దాదాపు 25 కిలోమీటర్ల చుట్టూ, సుమారు వంద ఊళ్ళకి చేరుతుందని చెబుతారు. ఆకాశవాణి పెద్ద కేంద్రాల ముందు అదెంత! అయినా నిలబడింది. ఎందుకంటే ఆ చుట్టుకొలతలో ఉన్న ప్రతి ఊళ్ళోనూ వాళ్ళ సంఘం ఉంది. అంటే తరంగం ఎంతవరకు పోతుందో మనుషులూ అంతవరకే ఉన్నారు, మాటా అంతవరకే ఉంది. పెద్ద గంగాళంలో అడుగున గరిటెడు పప్పు పెట్టే కంటే చిన్న గిన్నె నిండా పెట్టుకోవడం మేలు అని వాళ్ళకి తెలుసు.

ఇంకో సంగతి కూడా సరదాగా ఉంటుంది. అదే 90.4 మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళ 'బోల్ హైదరాబాద్' రేడియో కూడా పలుకుతుంది. ఒకే అంకె మీద రెండు స్టేషన్లు, ఒకదానికొకటి అడ్డం రావు. రెండూ చిన్నవి కాబట్టి, మధ్యలో చాలినంత దూరం ఉంది కాబట్టి. పెద్ద స్తంభం ఒక అంకెని పట్టుకుంటే చుట్టూ చాలా దూరం దాకా ఇంకెవరికీ ఆ అంకె దక్కదు. చిన్నవాటికి ఆ తగువు లేదు.

గొట్టం వచ్చింది, నీళ్ళు ఎక్కడివి?

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2023 ఏప్రిల్ 28న ప్రధానమంత్రి ఒకే రోజు 91 ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. 18 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాలు. ఒక్కొక్కటీ 100 వాట్లు. కొత్తగా 2 కోట్ల మందికి, 35,000 చదరపు కిలోమీటర్ల మేర రేడియో అందుతుందని చెప్పారు. 35,000ని 91తో భాగిస్తే ఒక్కోదానికి 385 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అంటే స్తంభం చుట్టూ పదకొండు కిలోమీటర్లు. ఒక పట్నం, చుట్టూ కొన్ని ఊళ్ళు, అంతే.

చిన్నదని నేను తప్పుపట్టను. పైన చెప్పినట్టు చిన్న గిన్నె మంచిదే. కానీ ఈ 100 వాట్ల చోట్ల చాలావరకు స్టూడియో ఉండదు, మైకు ముందు మనిషి ఉండడు. ఎక్కడో పెద్ద కేంద్రం చెప్పేది అందుకుని మళ్ళీ వదలడమే దాని పని. వీధిలో గొట్టం వేశారు, సంతోషమే. అందులో వచ్చే నీళ్ళు మాత్రం వేరే ఊరి చెరువువి. గరగర లేకుండా స్పష్టంగా వినిపించినంత మాత్రాన స్థానిక రేడియో వచ్చినట్టు కాదని నా అభిప్రాయం.

ప్రైవేటు వాళ్ళ సంగతీ చూద్దాం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్ళ వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో మహబూబ్‌నగర్ ఉంది, కర్నూలు ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లేవు. ఆ పథకానికి లక్ష జనాభా లెక్క. 2011 జనగణనలో మన మూడు పట్నాల్లో ఏదీ లక్షకి చేరలేదు. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలు అయ్యాయి, కలెక్టరేట్లు వచ్చాయి, రేడియో లెక్కలో మాత్రం ఇంకా చిన్న ఊళ్ళే. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు స్టేషను వచ్చినా, ఆ తరగతి పట్టణాలకి 1 నుంచి 3 కిలోవాట్ల శక్తే ఇస్తారు. మన గడపల దాకా గట్టిగా వస్తుందన్న ఆశ నాకు లేదు. పైగా ప్రకటన ఇచ్చేవాడు ఎక్కడ ఉంటే వాళ్ళ చూపు అక్కడే.

మన మూడు ఊళ్ళకి ఏది కుదురుతుంది?

నా మట్టుకు నాకు మాచనూరు దారే బాగుందనిపిస్తుంది. సామాజిక రేడియోకి 100 వాట్ల దాకా శక్తి, 30 మీటర్ల దాకా స్తంభం అనుమతిస్తారు. లైసెన్సు అడిగే అర్హత విశ్వవిద్యాలయాలకి, కనీసం మూడేళ్ళ నుంచి పనిచేస్తున్న రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకి, కృషి విజ్ఞాన కేంద్రాలకి ఉంది. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. నాగర్‌కర్నూల్ దగ్గర పాలెంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వనపర్తి జిల్లా మదనాపురంలో ఇంకొకటి ఉంది. భూమి ఉంది, గదులు ఉన్నాయి, విత్తనం గురించి, తెగులు గురించి చెప్పగల మనుషులు ఉన్నారు. ఊరూరా మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి, మాట్లాడడానికి గొంతులకి కరువా! రెండూ కలిస్తే చాలు. గద్వాల నడిగడ్డకి మాత్రం కృష్ణకి ఇవతల వేరే స్తంభం కావాల్సిందే. ఆ పని ఏ కాలేజీ వాళ్ళో, చేనేత సంఘం వాళ్ళో అందుకోవాలి.

డబ్బు మాటేమిటి అంటారు. అదీ కాస్త సడలింది. 2024లో నిబంధనలు మార్చి గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చన్నారు, అంతకుముందు 7 నిమిషాలే. పది సెకన్లకి ప్రభుత్వ ప్రకటన ధర 52 రూపాయల నుంచి 74 చేశారు. సంస్థ వేసే సలహా సంఘంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలన్నారు. కార్యక్రమాల్లో కనీసం సగం ఆ ఊళ్ళ వాళ్ళతో కలిసి చేసినవై ఉండాలి. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే మళ్ళీ వినిపించాలి. ఇది నాకు నచ్చలేదు గానీ, కరెంటు, నీళ్ళు, వాతావరణం, వరద హెచ్చరికల వంటివి చెప్పుకోవచ్చు కాబట్టి మనకి కావలసింది చాలావరకు కుదురుతుంది. పది సెకన్లకి 74 రూపాయలంటే కొత్తకోటలో గిన్నెల కొట్టు ఆయన కూడా ఆలోచిస్తాడు, ఎందుకంటే వినేవాళ్ళు ఆయన కొట్టుకి సంచీ పట్టుకుని రాగలిగినంత దగ్గరలో ఉంటారు.

ఇది నడుస్తుందా అంటే, స్తంభం పెట్టే చోటు మీద సగం ఆధారపడి ఉంటుంది. ముందు ఏ ఊళ్ళకి చేరాలో రాసుకుని, తర్వాత చోటు చూడాలి. ఖాళీ జాగా దొరికింది కదా అని ఊరి పల్లంలో పెడితే అంతే సంగతులు.

అంతవరకు ఇంట్లో చేసుకోగలిగినవి

అంచు ఊళ్ళల్లో ఉన్న మనకి చిన్న చిట్కాలు చాలా పనికొస్తాయి. ఎఫ్.ఎం. తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. రేడియో కడ్డీని టేపుతో కొలిచి అంత పొడవు లాగి చూడండి. మరీ పొడుగ్గా లాగితే ఇంకా బాగా వస్తుందనుకోవడం పొరపాటు. 90 దగ్గర ఉండే స్టేషన్లకి 83 సెంటీమీటర్లు. కడ్డీ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి ఏది మేలో చూసుకోండి.

రేడియోని ఫ్రిజ్ మీద, ఇనప బీరువా పక్కన, రేకుల కప్పు కింద పెట్టకండి. స్లాబు ఇల్లయితే స్టేషను ఉన్న దిక్కు కిటికీ దగ్గర పెట్టండి. వనపర్తిలో ఉంటే ఉత్తరం కిటికీ, నాగర్‌కర్నూల్‌లో ఉంటే పడమర వాయవ్యం వైపు. మాట ముద్దముద్దగా, రెండుసార్లు పలికినట్టు వస్తే దగ్గరలో గుట్టకో పెద్ద గోడకో తగిలి తిరిగివస్తోందన్నమాట. అప్పుడు రేడియోని ఒక జానెడు, మూరెడు అటూ ఇటూ జరిపి చూడండి. అంత మాత్రానికే తేడా తెలుస్తుంది. మిక్సీ తిరిగేటప్పుడు, చవక రకం ఎల్.ఇ.డి. బల్బు వేసినప్పుడు గరగర మొదలైతే తప్పు స్టేషనుది కాదు.

ఒకే అంకె దగ్గర రెండు స్టేషన్లు ఉంటే ఎఫ్.ఎం. రేడియో గట్టిగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది, రెండోదాన్ని మింగేస్తుంది. గద్వాల వైపు అకస్మాత్తుగా భాష మారిపోతే కంగారు పడకండి, కడ్డీ దిక్కు మార్చండి. ఫోన్‌లో ఎఫ్.ఎం. ఉంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టాలి, ఆ తీగే దానికి ఏరియల్. ఈమధ్య చాలా ఫోన్లలో ఆ సదుపాయమే తీసేస్తున్నారు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఫోన్ కంపెనీలకి ఎఫ్.ఎం. ఉంచమని సూచించింది కూడా. కొనేటప్పుడు అడిగి కొనండి.

ఇక స్టేషనుకి జాబు రాసేవాళ్ళు పాట కోరి ఊరుకోకండి. మీ ఊరు, మండలం, తేదీ, విన్న వేళ, స్పష్టంగా వచ్చిందా గరగరా, కడ్డీతో విన్నారా ఇయర్‌ఫోన్‌తోనా, అన్నీ రాయండి. అసలు వినిపించకపోయినా ఆ సంగతే రాయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విని రెండూ రాయాలి. చలికాలం తెల్లవారుజామున గాలి పొరల వల్ల ఎప్పుడూ రాని దూరపు స్టేషన్లు కూడా కాసేపు గట్టిగా వినిపిస్తాయి, ఎండ ఎక్కగానే మాయమవుతాయి. ఆ ఒక్క పొద్దు విని మా ఊరికి అందుతోందని రాసేయకుండా, ఓ పది రోజులు చూసి రాయండి.